షాట్‌గన్ చోక్‌లు: క్లేలకు ఏది, గువ్వలకు ఏది, బిగుసుకుపోతే ఏం చేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఈమధ్యే డాలస్ దగ్గరికి మారారు. ఆఫీసు మిత్రులతో రెండుసార్లు క్లే షూటింగ్‌కి (గాల్లోకి విసిరే బిళ్ళలను కాల్చే ఆటకి) వెళ్ళి, సరదా పుట్టి 12 గేజ్ ఓవర్ అండర్ (ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలుండే షాట్‌గన్) ఒకటి కొన్నారు, సెకండ్ హ్యాండ్. దానితోపాటు ఐదు చోక్‌లు వచ్చాయి, అంటే గొట్టం మూతిలో బిగించి, తూటాలోని పెల్లెట్లు (చిన్న గుళ్ళు) ఎంత వెడల్పుగా చెదరాలో మార్చే చిన్న గొట్టాలు. క్లేలకు ఏవి పెట్టాలి, సెప్టెంబర్‌లో గువ్వల వేటకు ఏవి మార్చాలి, వాటిని ఎలా చూసుకోవాలి అన్నది ప్రశ్న. రెండో షాట్ ఎప్పుడూ తప్పుతోందనీ, పై బ్యారెల్‌లోని చోక్ బిగుసుకుపోయి కదలడం లేదనీ కూడా రాశారు.

ముందు జవాబు చెప్పేస్తాను. కింది బ్యారెల్‌లో ఇంప్రూవ్డ్ సిలిండర్ (వదులు రకం చోక్), పై బ్యారెల్‌లో మోడిఫైడ్ (మధ్యరకం). క్లేలకూ అవే, గువ్వలకూ అవే. ఒక వెయ్యి తూటాలు కాల్చేదాకా మార్చొద్దు. కింది బ్యారెల్ ముందు పేలేలా సెలెక్టర్ (ఏ గొట్టం ముందు పేలాలో ఎంచుకునే మీట) పెట్టుకోండి. మొదటి షాట్ దగ్గర్లో పడుతుంది, రెండోది కొట్టేసరికి పిట్ట (క్లేని కూడా అలాగే అంటాం) కాస్త దూరం పోయి ఉంటుంది కాబట్టి ఈ వరస. బిగుసుకుపోయినదాన్ని మాత్రం పట్టకారుతో ముట్టుకోకండి. దాని సంగతి చివర్లో వివరంగా రాస్తాను.

ఇప్పుడు ఒక పని చేయండి. తుపాకీ తెరిచి రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని కళ్ళతో చూసి, బ్యారెల్స్‌ని చెక్క పిడి నుంచి విడదీసి, ఆ ఇరుక్కున్న చోక్ అంచు మీద ఎన్ని గాట్లు ఉన్నాయో లెక్కపెట్టండి. చాలా కంపెనీల లెక్కలో ఒక గాటు అంటే ఫుల్, రెండు ఇంప్రూవ్డ్ మోడిఫైడ్, మూడు మోడిఫైడ్, నాలుగు ఇంప్రూవ్డ్ సిలిండర్, ఐదు సిలిండర్ లేదా స్కీట్. గాట్లు ఎక్కువైన కొద్దీ చోక్ వదులు. కంపెనీని బట్టి తేడా ఉండొచ్చు కాబట్టి మాన్యువల్‌తో ఒకసారి సరిచూసుకోండి. అక్కడ ఒక్కటే గాటు కనిపిస్తే మీ రెండో షాట్ ఎందుకు తప్పుతోందో సగం తెలిసినట్టే.

నేను పదిహేడేళ్ళుగా టెక్సస్‌లో క్లేలు కొడుతున్నాను. ఏటా సెప్టెంబర్‌లో గువ్వలకు, కుదిరితే చలికాలంలో బాతులకు వెళ్తాను. ఉద్యోగం మెషిన్ షాపులో. అందుకే చోక్ మాట వస్తే మావాళ్ళు గురిపెట్టడం గురించి మాట్లాడతారు, నేను థ్రెడ్ల గురించి మాట్లాడతాను.

చోక్ చేసే పనేమిటో కొత్తవాళ్ళకు నేను ముగ్గు పోలికతో చెబుతాను. బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా నొక్కితే పిండి సన్నటి గీతలా జారుతుంది. వేళ్ళు వదులు చేస్తే వెడల్పుగా చెదురుతుంది. బ్యారెల్ చివరి రెండు మూడు అంగుళాల్లో చోక్ చేసేది ఆ నొక్కుడే. చేతిలోని పిండి ఒకటే, అంటే తూటాలోని పెల్లెట్లు అవే, వాటి వేగమూ దాదాపు అదే. ఫుల్ చోక్ పెడితే "పవర్" పెరుగుతుందని రేంజ్‌లో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. పెరగదు. పెల్లెట్లు కాస్త ఎక్కువ దూరం గుంపుగా ఉంటాయి, అంతే.

ఈ నొక్కుడు ఎంత అంటే, 12 గేజ్ గొట్టం లోపలి కొలత నామమాత్రంగా 0.729 అంగుళాలు. అంగుళంలో వెయ్యో వంతును షాపు భాషలో థౌ అంటాం. స్కీట్ చోక్ దాన్ని సుమారు 5 థౌ నొక్కుతుంది, ఇంప్రూవ్డ్ సిలిండర్ 10, మోడిఫైడ్ 20, ఫుల్ 35 నుంచి 40. తల వెంట్రుక మందం మూడు థౌ ఉంటుంది. అంటే ఇంప్రూవ్డ్ సిలిండర్‌కీ మోడిఫైడ్‌కీ మధ్య తేడా మూడు నాలుగు వెంట్రుకలంత. బ్రిటన్‌లో ఇంప్రూవ్డ్ సిలిండర్‌ని క్వార్టర్, మోడిఫైడ్‌ని హాఫ్, ఇంప్రూవ్డ్ మోడిఫైడ్‌ని త్రీ క్వార్టర్ అంటారు, ఫుల్ మాత్రం ఫుల్లే. అక్కడి వీడియోలు చూసి కంగారు పడొద్దు.

పుస్తకాల్లో పాత లెక్క ఒకటి ఉంటుంది. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయం గీస్తే సిలిండర్ చోక్‌తో 40 శాతం, ఇంప్రూవ్డ్ సిలిండర్‌తో 50, మోడిఫైడ్‌తో 60, ఫుల్‌తో 70 శాతం పెల్లెట్లు అందులో పడాలి. లెక్క మంచిదే, కానీ మీరు 40 గజాల్లో ఎన్ని పిట్టలు కొడతారు? స్కీట్‌లో (రెండు పక్కల నుంచి క్లేలు విసిరే ఆట) పిట్టలు ఎదురెదురు దాటే చోటు మీ నుంచి 21 గజాలు. మామూలు స్పోర్టింగ్ క్లేస్ (ఒక్కో స్టేషన్‌లో ఒక్కో రకంగా క్లేలు వచ్చే ఆట) కోర్సుల్లో ఎక్కువ టార్గెట్లు 20 నుంచి 35 గజాల్లో పగులుతాయి. చోక్‌ని ఎంచుకోవాల్సింది దూరాన్ని బట్టి, పేరును బట్టి కాదు. 20 గజాల దగ్గర ఫుల్ చోక్‌తో పెల్లెట్లు పరుచుకునేది పదహారు అంగుళాల వెడల్పు, పెద్ద భోజనం పళ్ళెమంత. అదే దూరంలో ఇంప్రూవ్డ్ సిలిండర్ ఇరవై ఆరు అంగుళాల దాకా ఇస్తుంది. కొత్త చేతికి ఆ పది అంగుళాలు ఎంత తేడానో చెప్పక్కర్లేదు.

నా మొదటి గువ్వల సీజన్ సంగతి చెబుతాను. తుపాకీ కొన్న షాపులో కౌంటర్ మనిషి "పక్షులకా? ఫుల్ పెట్టు" అన్నాడు. పెట్టాను. సెప్టెంబర్ మొదటి వారం, కోసేసిన పొద్దుతిరుగుడు చేను, బకెట్ తిరగేసి దాని మీద కూర్చున్నాను. యాభై తూటాలు కాలిస్తే నాలుగు గువ్వలు పడ్డాయి. ఆ నాలుగింటిలో ఒకటి పదిహేను గజాల లోపు కొట్టింది. ఈకలు తీసి చూస్తే వండడానికి ఏమీ మిగల్లేదు. పక్కన కూర్చున్న పెద్దాయన తన చోక్ విప్పి చూపించాడు, నాలుగు గాట్లు. మరుసటి వారం అదే చేనులో ఇంప్రూవ్డ్ సిలిండర్‌తో పాతిక తూటాలకు తొమ్మిది పడ్డాయి. ఇదంతా చోక్ మహిమ అనను, వారం మధ్యలో రెండుసార్లు స్కీట్‌కి కూడా వెళ్ళాను. కానీ ఫుల్ చోక్‌తో ఉన్నన్నాళ్ళూ ఏ తప్పు నాది, ఏ తప్పు తుపాకీది అన్నది తెలిసేది కాదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, టార్గెట్ తప్పిన ప్రతిసారీ చోక్ మార్చేవాళ్ళు ప్రతి రేంజ్‌లోనూ కనిపిస్తారు. శాన్ ఆంటోనియోలో నేషనల్ షూటింగ్ కాంప్లెక్స్‌కి పోటీలు చూడటానికి వెళ్ళినప్పుడు నేను గమనించింది, బాగా కొట్టేవాళ్ళలో చాలామంది ఒక జత పెట్టుకుని వంద టార్గెట్లూ దాంతోనే కానిస్తున్నారు. తాళంచెవి (చోక్ విప్పే రెంచ్) బయటికి తీసి అటూ ఇటూ తిప్పుతున్నది మాలాంటి ఒక మోస్తరు షూటర్లే.

ఏ ఆటకు ఏది అన్నది చూస్తే, స్కీట్‌కి స్కీట్ చోక్ లేదా ఇంప్రూవ్డ్ సిలిండర్, అందులో ఆలోచించడానికి ఏమీ లేదు. అమెరికన్ ట్రాప్‌లో (క్లే మీ ముందు నుంచి దూరంగా పోయే ఆట) 16 గజాల లైను నుంచి కొడితే క్లే మీ నుంచి 32–35 గజాల్లో పగులుతుంది కాబట్టి మోడిఫైడ్ సరిపోతుంది. ఒలింపిక్ ట్రాప్ వేరే లోకం. మన హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ 2016 రియోలో ఆడింది ఆ ఆటే. అక్కడ క్లే చాలా వేగంగా దూరమైపోతుంది, తూటాలో పెల్లెట్లు 24 గ్రాములే, మనం మామూలుగా కాల్చే ఒక ఔన్సు అంటే 28 గ్రాముల కంటే తక్కువ. అందుకే వాళ్ళు త్రీ క్వార్టర్, ఫుల్ లాంటి బిగుతు చోక్‌లు వాడతారు. వాళ్ళను చూసి మీరు పెట్టకండి.

వేటలో, పొదల్లోంచి దగ్గరగా లేచే కౌజు పిట్టలకు సిలిండర్ లేదా ఇంప్రూవ్డ్ సిలిండర్. గువ్వలకు పైన చెప్పిన జత, తూటా ఒక ఔన్సు, పెల్లెట్ సైజు 7½ లేదా 8 నంబరు. సాయంత్రం నీటిగుంట దగ్గర కూర్చుంటే పిట్టలు దగ్గరికే వస్తాయి, అప్పుడు రెండు గొట్టాల్లోనూ ఇంప్రూవ్డ్ సిలిండరే పెట్టినా తప్పు లేదు. గాలి ఉన్న రోజు ఎత్తులో పోతుంటే మోడిఫైడ్ పనికొస్తుంది. టర్కీ కోళ్ళకు వాడే ఎక్స్‌ట్రా ఫుల్ వేరే సరుకు, మీకు ఇప్పుడు అక్కర్లేదు. లైసెన్సు, మైగ్రేటరీ ఎండార్స్‌మెంట్ (వలస పక్షుల వేటకు అనుమతి), హంటర్ ఎడ్యుకేషన్ చూసుకునే ఉంటారు. మీది రెండు తూటాల తుపాకీ కాబట్టి మూడు తూటాల కంటే ఎక్కువ పట్టకుండా మ్యాగజైన్‌లో ప్లగ్ పెట్టే గొడవ లేదు. ఇది హైదరాబాద్, విజయవాడల నుంచి చదువుతున్నవారు ఉంటే వాళ్ళకు ఒక మాట: మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గువ్వ అయినా కౌజు అయినా కాల్చడం నేరం. అక్కడ లైసెన్సుతో రేంజ్‌లో క్లేలు మాత్రమే.

బాతులకు వెళ్తే స్టీల్ గురించి తెలుసుకుని వెళ్ళండి. అమెరికాలో నీటిపక్షుల వేటకు 1991 నుంచి దేశమంతటా సీసం నిషేధం. కొన్ని ప్రభుత్వ భూముల్లో గువ్వలకు కూడా సీసం కుదరదు. స్టీల్ పెల్లెట్లు గట్టివి, గొట్టంలో సొట్టపోవు, అందుకే ఒకే చోక్‌లోంచి సీసం కంటే బిగుతుగా పోతాయి. స్టీల్‌తో మోడిఫైడ్ అంటే సీసంతో ఫుల్ అనుకోండి. మరీ బిగుతు చోక్‌లోంచి స్టీల్ కాలిస్తే చోక్ ఉబ్బుతుంది, ఉబ్బి అక్కడే ఇరుక్కుంటుంది. చోక్ మీద స్టీల్ వద్దని రాసి ఉంటే అది అలంకారానికి రాసింది కాదు. స్క్రూ చోక్‌లు లేని పాత డబుల్ బ్యారెల్ తుపాకీలకైతే స్టీల్ అసలు వద్దు.

ఇక నేను అందరినీ బతిమాలి చెప్పేది, ఎవరూ చేయనిది ఒకటుంది. కాగితం మీద కాల్చి చూడండి. నాలుగడుగుల కాగితం, 40 గజాలు, ఒక షాట్. పెల్లెట్లు ఎక్కువ పడిన చోట మధ్య చూసుకుని 30 అంగుళాల వలయం గీసి చిల్లులు లెక్కపెట్టండి. ఒక్కో చోక్‌కి కనీసం ఐదు కాగితాలు. విసుగే, కానీ రాత్రి భోజనాలయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టిస్తే గంటలో అయిపోతుంది. 1⅛ ఔన్సుల 8 నంబరు తూటాలో సుమారు 460 పెల్లెట్లు ఉంటాయి. నా పాత తుపాకీలో మోడిఫైడ్ చోక్ వలయంలో 318 పెట్టింది. అంటే 69 శాతం, పుస్తకం ప్రకారం అది ఫుల్! అదే చోక్‌లోంచి మరో కంపెనీ చవక తూటాతో 250 కూడా దాటలేదు. చవక తూటాల్లో సీసం మెత్తన, సొట్టపడిన పెల్లెట్లు పక్కలకు పోతాయి. చోక్ మీద రాసింది తయారుచేసినవాడి ఉద్దేశం మాత్రమే, మీ గొట్టమూ మీ తూటా కలిసి ఏం చేస్తాయో కాగితమే చెప్పాలి. నేను అదనపు చోక్‌ల మీద తగలేసిన డబ్బులో సగం రెండు రకాల తూటాలు మార్చి చూస్తే మిగిలేది.

అదనపు చోక్‌లు కొనాలనిపిస్తే థ్రెడ్ చూసి కొనండి. 12 గేజ్ అన్నంత మాత్రాన అన్నీ అన్నిటికీ పట్టవు. బెరెట్టాలోనే మోబిల్‌చోక్ వేరు, ఆప్టిమా చోక్ వేరు. బ్రౌనింగ్‌లో ఇన్వెక్టర్ వేరు, ఇన్వెక్టర్ ప్లస్ వేరు. ఒకసారి ఆన్‌లైన్‌లో ఒక దుకాణం నాకు తప్పు చోక్ పంపింది. మూడు చుట్లు తిరిగి ఆగిపోయింది. థ్రెడ్ల పనే చేసేవాడిని, అయినా "కొత్తది కదా, బిగుతుగా ఉందేమో" అనుకుని తాళంచెవి చేతిలోకి తీసుకున్నాను. అదృష్టం బాగుండి ఆగాను. వేళ్ళతో చివరిదాకా తిరగని చోక్ మీ తుపాకీది కాదు, లేదా లోపల మురికి ఉంది.

చూసుకోవడం గురించి. చోక్‌కి శత్రువులు మూడు: ప్లాస్టిక్ వాడ్ (తూటాలో పెల్లెట్లను పట్టి ఉంచే కప్పు) రాసుకుపోయిన పొర, మసి, తేమ. ఈ మూడూ చేరేది చోక్ వెనక అంచు గొట్టంలో కలిసే ఆ సన్నటి మెట్టు దగ్గర. అక్కడి నుంచి థ్రెడ్లలోకి పాకుతాయి. నేను రేంజ్ నుంచి వచ్చిన రోజే చోక్‌లు విప్పుతాను. బద్ధకంగా ఉంటే కనీసం రెండు మూడు వందల తూటాలకు ఒకసారి. విప్పి సాల్వెంట్‌లో అరగంట నానబెట్టి, లోపల కంచు బ్రష్‌తో, బయట థ్రెడ్లను పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. గొట్టం లోపలి థ్రెడ్లను మర్చిపోతారు చాలామంది. వాటినీ అదే బ్రష్‌తో రుద్ది పొడి గుడ్డతో తుడవండి. ఆ తర్వాత చోక్ థ్రెడ్ల మీద చోక్ గ్రీజు పల్చగా. పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టు పులమొద్దు, ఎక్కువైనది మంటకు మాడి తారులా పట్టేస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ మసిలో సీసం ఉంటుంది.

బిగించేటప్పుడు వేళ్ళతో చివరిదాకా, తర్వాత తాళంచెవితో కొద్దిగా. అంతకంటే బలం అక్కర్లేదు. కానీ కాలుస్తుంటే వేడికి, అదురుకు వదులవుతుంది. అందుకే పాతిక తూటాలకు ఒకసారి, తుపాకీ తెరిచి, ఖాళీ చేసి, చోక్ బిగుతు చూడండి. ఇదేమీ ఛాదస్తం కాదు. మా గుంపులో ఒక మిత్రుడు ఆ రోజు ఉదయం వేళ్ళతో తిప్పి వదిలేశాడు. ఏడో స్టేషన్ దగ్గర శబ్దం తేడాగా వచ్చింది, డప్పు పగిలినట్టు. తెరిచి చూస్తే కింది గొట్టం మూతి కప్పను మింగిన పాములా ఉబ్బి ఉంది. వదులైన చోక్ వెనక అంచు గొట్టంలోకి తేలి ఉంటుంది, పెల్లెట్ల గుంపు వచ్చి దాన్ని గుద్దింది. మనిషికి ఏం కాలేదు. బ్యారెల్స్ మాత్రం పోయాయి, రిపేరు ఖర్చు తుపాకీ ధరలో సగానికి పైనే. చోక్ లేకుండా కాల్చడమూ అంతే, లోపలి థ్రెడ్లు నేరుగా దెబ్బ తింటాయి. కిందపడి సొట్టపోయిన చోక్‌ని సరిచేసి వాడొద్దు, పారేయండి.

ఇప్పుడు మీ ఇరుక్కున్న చోక్. సెకండ్ హ్యాండ్ తుపాకీ అన్నారు కాబట్టి పాత యజమాని ఏళ్ళ తరబడి విప్పి ఉండడు. బ్యారెల్స్ విడదీసి, మూతి కిందికి పెట్టి, ఒక సీసాలో పెనెట్రేటింగ్ ఆయిల్ మూడంగుళాలు పోసి అందులో నిలబెట్టండి. మా ఇంట్లో దానికి ఖాళీ ఆవకాయ సీసా వాడతాను, శుభ్రంగా కడిగాకే లెండి. ముందువైపు గురి చుక్క ప్లాస్టిక్‌ది అయితే విప్పేయండి, లేకపోతే కరగొచ్చు. ఒక రాత్రి సరిపోకపోతే రెండు. మధ్యలో స్క్రూడ్రైవర్ పిడితో మూతి చుట్టూ మెల్లగా తట్టండి. తర్వాత తుడిచేసి, గాట్లలో సరిగ్గా కూర్చునే తాళంచెవితో, ముందు వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పి, ఆ తర్వాత విప్పే వైపు తిప్పండి. ఆ మొదటి చిన్న కదలిక వస్తే పని అయినట్టే. రాకపోతే నూనె అంతా తుడిచేసి హెయిర్ డ్రయ్యర్‌తో గొట్టం మూతిని బయటినుంచి వేడిచేసి మళ్ళీ ప్రయత్నించండి. గ్యాస్ టార్చ్ మాత్రం వద్దు. చాలా ఓవర్ అండర్లలో పక్క పట్టీలు టంకంతో అతికి ఉంటాయి, ఊడి వస్తాయి.

తాళంచెవి గాట్లలోంచి ఒకసారి జారిందంటే ఆపేయండి. రెండోసారి జారితే గాట్లు అరిగిపోతాయి, అప్పుడు గన్‌స్మిత్ కూడా లోపలినుంచి కోసి తీయాల్సి వస్తుంది. అతని దగ్గరికే వెళ్ళాలనుకుంటే ఈ వారమే వెళ్ళండి. గువ్వల సీజన్ సెప్టెంబర్ 1న మొదలు, ఆగస్టు చివర్లో వెళితే కౌంటర్ దాకా క్యూ ఉంటుంది. నేనొకసారి ఆగస్టు 26న ఇచ్చి తుపాకీని దీపావళికి తెచ్చుకున్నాను.